మేస్త్రి తేనెపిట్ట

మా మేస్త్రి పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆయన కొడుకు జగిత్యాల నుంచి ఫోన్ చేసి, "బాపు పోయిండు. మీ నంబర్ ఇయ్యాల్నే దొరికింది" అన్నాడు. ఉన్నన్నాళ్ళూ నన్ను క్షణం ఊరుకోనివ్వని మనిషి, పోయేటప్పుడు మాత్రం చప్పుడు చేయకుండా పోయాడు.

ఖతర్‌లో చమురు డబ్బు పొంగిన తొలి రోజుల్లో మేం మెసయీద్ క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆయన వడ్రంగుల మేస్త్రి, నేను టైంకీపర్‌ని. నేను కొత్తలో ఇంటి మీద బెంగతో తిండి మానేస్తే, కంచం ముందు పెట్టి, తినేదాకా లేవనివ్వలేదు. ఆ మొండితనమే తర్వాత ఒక పిట్ట మీదికి మళ్ళింది.

కలప ఓడలో వచ్చిన నావికుడొకడు దాన్ని ఆయనకు అంటగట్టి వెళ్ళాడు. బొటనవేలంత ఉండేది. ఎర్ర రొమ్ము, నీలి తోక, నడుం మీద పసుపు. జావా దీవిలో, మబ్బులు తాకే కొండల అడవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండని తేనెపిట్ట అట.

ఇక మా గది దాని గదైపోయింది. ఎనిమిది మందికి ఉన్న ఒక్క ఏసీ గాలి ముందు దానికే తగలాలి. మా టీలోకి రావలసిన పంచదార దాని నీళ్ళలోకి పోయేది. మెస్సులో పళ్ళ తొక్కల మీద ముసిరే సన్నదోమలను దాని మేతకని డ్యూటీ దిగగానే సీసాలో పట్టుకొచ్చేవాడు. మేం మనుషులం కామా అని ఒకసారి నిలదీశాను.

"మీరు అడిగి వచ్చిండ్రు తమ్మీ. దాన్ని ఎవ్వడడిగిండు?"

నాకు ఇంకా మండింది.

ఎండలు ముదిరేసరికి పిట్ట ఈకలు రాల్చి, కూయడం మానేసింది. దాన్ని దాని కొండకే పంపాలని మేస్త్రి పట్టుబట్టాడు. నాకు ఇంగ్లీషు వచ్చన్న పాపానికి ప్రతి శుక్రవారం రేవు గేటు దగ్గర నిలబెట్టి, కనబడ్డ ప్రతి నావికుడినీ మీది జావాయేనా అని అడిగించేవాడు. కాపలావాడు మమ్మల్ని చూడగానే అరబ్బీలో "మాఫీ" అంటూ చేయి ఊపేవాడు, అలాంటి వాళ్ళెవరూ లేరని. చివరికి, రెండేళ్ళకు దొరికిన సెలవును కూడా, ఆ నెలలో కలప ఓడ వస్తుందని వదులుకున్నాడు. ఇంటికి ఉత్తరం నేనే రాయాలి. కారణం ఏం రాయమంటావంటే "పిట్ట" అన్నాడు. నేను డ్యూటీ అని రాశాను.

ఓడ వచ్చింది. అందులోని జావా వంటవాడు పిట్టను తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. నీళ్ళు ఎన్ని పూటలు మార్చాలో మేస్త్రి అతనికి తెలుగులోనే చెప్పాడు. అతను అన్నిటికీ తలూపాడు.

మూడు నెలలకు అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు ముక్కలు ఇంగ్లీషు. కొండ మీద పంజరం తెరిచాను, కాసేపు పంజరం మీదే కూర్చుంది, తర్వాత చెట్టెక్కింది అని. మేస్త్రి నాలుగుసార్లు చదివించుకుని, "ఏం చెట్టు?" అన్నాడు.

రాయలేదన్నాను.

"గది రాయకుంటె ఇంకేం రాసినట్టు?"

విసుగెత్తి కాగితం ఆయన చేతిలో పెట్టేశాను. ఆయనకు చదువు రాదు. కాసేపు దాన్నే చూసి, ఇందులో చెట్టు అన్న మాట ఎక్కడుందో చూపమన్నాడు. చూపించాను. దాని మీద వేలు పెట్టాడు. బయట డ్యూటీ బస్సు హారన్ కొడుతున్నా వేలు తీయకుండా అలాగే కూర్చున్నాడు.