తీసుకునేవాళ్ళు లేని బాకీ

ఒడిశాలో పాత్రపురం దాటి ఆంధ్రా సరిహద్దు వైపు పోతే తగిలే పల్లెల్లో, మనిషి పోయిన పదో రోజున ఒక మాట అడిగే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఇంకా ఉంది. భోజనాలకు కూర్చోబోయే ముందు ఇంటి పెద్ద నలుగురి మధ్యా నిలబడి, పోయినవాడు ఎవరికైనా బాకీ ఉంటే చెప్పమని అడుగుతాడు. చెబితే తీర్చాలి. తీర్చకుండా మనిషిని సాగనంపడం తప్పు.

వేణు పదో రోజున ఆ మాట అడిగింది అతని తల్లి చిట్టమ్మ. ఇంట్లో ఇంకో మగమనిషి లేడు. డెబ్బై దగ్గర పడుతున్న ముసలిది, కొంగు నడుముకి దోపుకుని పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"నా కొడుకు మీకెవురికైనా బాకీ ఉంటే ఇప్పుడే సెప్పండి. నేను తీరుస్తాను. పది మందిలో మాటిస్తన్నాను."

ఎవరూ పలకలేదు. టీ కొట్టు ముత్యాలు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, "బాకీ ఏటమ్మా, సెలవులకొస్తే ఆడే మా అందరికీ టీ తాగించీవోడు" అన్నాడు. అంతే, విస్తళ్ళు పరిచారు.

మూల కూర్చున్న కోడలు కుమారి మాత్రం లోపల్లోపల నలిగిపోయింది. అందరికంటే పెద్ద బాకీ అడిగేవాళ్ళు ఆ పందిట్లో లేరు. ఇంటప్పు ఇచ్చిన ఆర్మీవాళ్ళు పదో రోజు భోజనానికి ఎందుకొస్తారు?

ఆ ఇంటి సంగతి చెప్పాలంటే తుపాను దగ్గర మొదలుపెట్టాలి. కుమారి కాపురానికి వచ్చినప్పుడు అత్తవారిది మట్టిగోడల పాక. అదీ వాళ్ళు కూలికెళ్ళే రైతు స్థలంలో. వేణు సైన్యంలో డ్రైవరు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, మిగతా కాలమంతా ఆ పాకలో అత్తా కోడళ్ళే. ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి కప్పు లేచిపోయింది. చంటిబిడ్డ అయిన కూతురు నవ్యని కడుపుకి కట్టుకుని, అత్త చెయ్యి పట్టుకుని కుమారి బడికి పరిగెత్తింది. తెల్లారి వచ్చి చూస్తే గోడలు కూడా లేవు. ఎక్కడో కొండల్లో డ్యూటీలో ఉన్న వేణు టీవీలో ఆ గాలి చూసి, ఫోను కలవక, పిచ్చివాడిలా తిరిగాడట. రైతు మంచివాడే, మళ్ళీ పాక వేసుకోమన్నాడు. కుమారి మొండికేసింది. ఇక ఒకరి స్థలంలో ఉండనని, మన గోడ, మన కప్పు కావాలని పట్టుబట్టింది.

మూడేళ్ళు బరంపురంలో అద్దెకున్నారు. కుమారి గేట్ బజార్‌లోని బట్టల కొట్టుకి చీరలకి ఫాల్సు కుట్టి ఇచ్చేది. ఊరి చివర అంబపువా వైపు చిన్న స్థలం కొన్నాక, ఇల్లు కట్టుకోవడానికి జవాన్లకి ఆర్మీ ఫండు అప్పిస్తుందని వేణు కబురు తెచ్చాడు. బ్యాంకుకంటే వడ్డీ తక్కువ, నెలనెలా జీతంలోంచే కోసుకుంటారు, స్థలం కాగితాలు అప్పు తీరేదాకా వాళ్ళ దగ్గరే ఉంటాయి. అప్పు మంజూరై సంతకం పెట్టిన రోజు ఫోన్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్నదంతా టైల్స్ గురించే. వంటింట్లో నున్నటి పచ్చవి వెయ్యాలని ఆవిడ, జారతాయేమోనని ఆయన. చివరికి పచ్చవే వేశారు. కుమారితో వాదించి గెలిచినవాడు కాడు వేణు.

రెండు గదులు, వంటిల్లు, ముందొక వరండా. అందులో దిగిన రోజు చిట్టమ్మ గోడలన్నీ చేత్తో తడిమి తడిమి చూసింది. ఇంత గట్టిగోడ వానకి కరగదు కదా అని కోడల్ని రెండుసార్లు అడిగింది. నవ్వకండి, కరిగే గోడల మధ్య బతికిన మనిషికి ఆ అనుమానం రావాల్సిందే.

తరువాత వేణుకి పదిహేనేళ్ళ సర్వీసు నిండింది.

"పింఛనొస్తాది కుమారీ. వొచ్చీస్తాను. చిన్న వ్యాను కొనుక్కుని గోపాలపూర్ నుంచి సేపలు తోలుకుంటాను. ఇక ఈ సలి నావల్ల కాదు" అన్నాడు ఫోన్లో.

"మరి ఇంటప్పో? ఇప్పుడొచ్చీస్తే మిగిలిందంతా మీకొచ్చే డబ్బుల్లోంచి ఒక్కసారే పట్టీసుకుంటారంట కదా. ఇంక వ్యాను ఏటెట్టి కొంటారు? ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి. అప్పు తీరిపోనాక నిబ్బరంగా మనింట్లో పడుకుందురుగాని."

 "సరే" అన్నాడు వేణు.

ఆ ఒక్క మాటా కుమారిని ఇప్పటికీ నిద్రపోనివ్వదు. అతను కోప్పడి ఉంటే బాగుండేది. నీకు ఇల్లు ముఖ్యమా నేను ముఖ్యమా అని అరిచినా బాగుండేది. సర్వీసులోనే ఉండిపోయాడు. మరుసటి చలికాలం మంచుకొండల మీదికి బదిలీ అయింది. ఒకరోజు ఊపిరి అందలేదన్నారు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేదన్నారు. జెండా కప్పిన పెట్టెలో ఇంటికి తెచ్చారు. తన ఇంట్లో అతను మొత్తం కలిపి ఉన్నది రెండు సెలవులు. అంతకుమించి లేదు.

కర్మ చేయడానికి పల్లెకి వెళ్ళి వచ్చాక, మనిషి పోయాడు కాబట్టి అప్పు రద్దయిందని, స్థలం కాగితాలు తిరిగి ఇస్తున్నామని ఫండు నుంచి కబురు వచ్చింది. ఇరుగుపొరుగుకి ఆ సంగతి గాలికంటే ముందు చేరింది. "పోనీలే, ఇల్లైనా మిగిలింది" అంది ఒకావిడ. గేట్ బజార్ కొట్టు యజమానురాలు సత్యవతమ్మ మరో అడుగు ముందుకేసి, "అప్పు గోల లేకుండా పోయింది, అందులో నువ్వు అదృష్టవంతురాలివే" అంది. ఓదార్చడం చేతకానప్పుడు ఊరుకోవచ్చు కదా! ఊరుకోరు.  కుమారి కుట్టాల్సిన చీరలు మూట కట్టుకుని వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆవిడ గదిలో పడుకోలేదు. నవ్యని నానమ్మ పక్కన పడుకోబెట్టి, ఉక్క అని వరండాలో చాప వేసుకుంది. పుష్యమాసం చలిలో కూడా ఉక్క అనే చెప్పింది. చిట్టమ్మ కొన్నాళ్ళు చూసి, ఓ రోజు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏటే ఇది? లోపలికెందుకు రావు?"

"ఎలా వొచ్చీదత్తా? ఆయన్నిచ్చి ఈ ఇల్లు తీసుకున్నట్టుంది నాకు" అని కుమారి తలవంచుకుంది. "మిగిలిన అప్పు నేను కడతాను. నెలనెలా కడతాను. కట్టీసినాక లోపల పడుకుంటాను."

పిచ్చిమాటలని చిట్టమ్మ తిడుతుందనుకుంది. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్ళి, ముసలివాళ్ళ పింఛను డబ్బులు దాచుకున్న చిన్న గుడ్డసంచి తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఇదీ కలుపు. పది మందిలో మాటిచ్చినదాన్ని నేను."

కుమారి మొగుడి పేరున తనకొచ్చే పింఛనులోంచి తీసింది, కుట్టుకూలీ కలిపింది, మొదటి వాయిదా పట్టుకుని బరంపురంలో మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ కూర్చునేది పూర్ణచంద్ర బాబు, రిటైరైన సుబేదారు. ఒడియా ఆయనే అయినా తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఆడవాళ్ళనెవరినైనా 'మా' అని పిలుస్తాడు, ఒడియాలో అమ్మా అన్నట్టు. కుమారి డబ్బు బల్ల మీద పెట్టి వచ్చిన పని చెప్పింది. ఆయన ఆ డబ్బు వైపు చూసి, ఆవిడ వైపు చూసి, కళ్ళజోడు తీసేశాడు.

"ఇది ఎవురికీ కట్టనవసరం నేదు మా. నీకు కబురు రానేదా?"

"వొచ్చింది సారూ. అయినా కడతాను."

"కడతానంటే తీసుకోడానికి ఖాతా ఉండాల గదా. అది మూసీసినారు. నువ్విచ్చినా ఆళ్ళు ఏ పేరు మీద రాసుకుంటారు?"

"నా పేరు మీద రాసుకోమనండి." కుమారి డబ్బు ఆయన వైపు జరిపింది. "ఎవురో జాలిపడి కొట్టీసినంత మాత్రాన బాకీ తీరిపోద్దా సారూ? మా ఇళ్ళల్లో అలా ఒప్పుకోరు. మా అత్త మాటిచ్చింది."

పూర్ణచంద్ర బాబుకి చాలామంది వితంతువులు తెలుసు. రావాల్సింది రాలేదని ఏడ్చేవాళ్ళే అందరూ. కట్టనివ్వమని వచ్చిన మనిషిని ఆయన చూడలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"జాలి కాదు మా, ఇను. ఈ అప్పు తీసుకున్నప్పుడే దానికి బీమా సేస్తారు. ఆ బీమాకి కట్టాల్సిన డబ్బు జవాను దగ్గరే ముందు పట్టుకుంటారు. తనకేటైనా అయితే మిగిలిన అప్పు ఇంటోళ్ళ మీద పడకూడదని. నీ మొగుడు దానికి కట్టినాడు. ఆ బీమాయే ఇప్పుడు అప్పు తీర్సింది. ఎవురి దానమూ కాదు."

కుమారి డబ్బు మీంచి చెయ్యి తీసేసింది.

"ఈ సంగతి ఆయనకి తెలుసా సారూ?"

"తెలీకపోడమేటి? నేనూ అలాగే అప్పు తీసుకున్నోణ్ణే. సంతకం పెట్టే ముందు జవాన్లందరం అదే అడుగుతాం. నేను పోతే మా వోళ్ళని ఇంట్లోంచి పంపీస్తారా అని. పంపరని తేలినాకే సంతకం పెడతాం."

సంతకం పెట్టిన రోజు. పచ్చ టైల్స్ గురించి తను ఎడతెరిపి లేకుండా వాగిన రోజు. ఆ పూటే తను పోతే ఎలా అని అడిగి, జవాబు విని, సంతకం పెట్టి వచ్చి, జారతాయేమోనే అంటూ ఫోన్లో నవ్వాడు వేణు. పెట్టె ఇంటికి వచ్చినప్పుడు కూడా నలుగురిలో గొంతెత్తని కుమారి, ఆ ఆఫీసు బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పూర్ణచంద్ర బాబు లేచి వెళ్ళి, బయట వేచి ఉన్నవాళ్ళని కాసేపు లోపలికి రానివ్వలేదు.

సాయంత్రం ఆటో దిగేసరికి చిట్టమ్మ మెట్టు మీదే కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ అన్నం కూడా తిన్నట్టు లేదు.

"తీసుకున్నారేటే?"

"తీసుకోనేదత్తా."

"ఏం? సాలవన్నారా? ఇంకా తెస్తామని సెప్పకపోనావా?"

"బాకీ నేదత్తా. ఆయనే ఏర్పాటు సేసీసుకున్నారు, తను పోతే మన మీద పడకుండా. అప్పుడే డబ్బు కట్టీసినారంట. మనకి సెప్పనేదు."

కోడలు తిరిగి తన ఒళ్ళో పెట్టిన గుడ్డసంచిని చిట్టమ్మ రెండు చేతులతో పట్టుకుంది. పుట్టినప్పటినుంచీ ఎవరికో ఒకరికి బాకీ పడి బతికిన మనిషికి ఈ మాట తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. తరువాత, పదో రోజున గుంజ పట్టుకుని నిలబడిన ఆ ముసలిది, కోడలి మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లలా బావురుమంది.

"అయితే ఆడికి సెయ్యడానికి మనకి మరేటీ మిగల్నేదేటే కుమారీ?"