నేను నోరు మూయించిన హెచ్చరిక

గిద్దలూరులో మా ఇంటి వరండాలో కూర్చుని నేను చేసే పని ఇది. కొమరోలు వైపు బత్తాయి తోటల్లో బోరు మోటార్ల పక్కన చిన్న కంప్యూటరు పెట్టెలు బిగించాం. పైథాన్ అనే కంప్యూటరు భాషలో నేను రాసుకున్న స్క్రిప్టు రోజూ పొద్దున్నే దూరం నుంచే వేరే కంప్యూటరులోకి పోయే ఎస్‌ఎస్‌హెచ్ దారిలో, సిమ్ము నంబరు పట్టుకుని ఒక్కో పెట్టెలోకి వెళ్ళి మోటారు వేసి వస్తుంది. ఎంతసేపు నడవాలన్నది మాత్రం ఆ పెట్టెలోనే రాసి ఉంటుంది. అన్ని బోర్లూ ఒకేలా నీళ్ళు పోయవు కదా.

మా వైపు కొత్త మనిషి గడప దగ్గరికి వస్తే ముందు ఏ ఊరు, ఎవరింటి మనిషి అని అడుగుతారు. మర్యాదలన్నీ ఆ తర్వాతే. ఎస్‌ఎస్‌హెచ్‌దీ అదే పద్ధతి. ప్రతి పెట్టెకూ సొంత గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తు నా కంప్యూటరులో ముందు రాసిపెట్టుకున్నదానితో కలవకపోతే లోపలికి పోదు, అక్కడే ఆగిపోతుంది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున అట్లాగే ఆగింది. అది కొమరోలు దగ్గర ఒక పెద్దాయన తోట. ఆయన బోరు నలభై నిమిషాలకు మించి పోయదు. ఐదేళ్ళు పెంచిన చెట్లు, మొదటి పెద్ద కాపు మీదున్నాయి. ఫోన్ చేశాను.

"పెద్నాయనా, పెట్టె ఏమన్నా మార్చినారా?"

"ఏం మార్చలేదు తల్లీ, అదే. ముందు నీళ్ళు ఇడువు, చెట్లు వాడిపోతుండాయి."

మనిషి చెబుతుంటే యంత్రం సణుగుడు ఎవరికి కావాలి? నాకు అసలే ఓపిక తక్కువ. గుర్తు ఏదైనా సరే ఒప్పుకోమని స్క్రిప్టులో ఒక్క వాక్యం చేర్చాను. మోటారు ఆన్ అయింది. నేను ఇడ్లీ తినడానికి లేచాను.

మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. మోటారు కాలిపోయిందట.

బస్సెక్కి వెళ్ళాను. పెట్టె చూడగానే అర్థమైంది. అది ఆయన బావమరిది తోటలోది. ఆ తోటలో బోరుకు నీళ్ళెక్కువ, అందుకని మూడు గంటలు నడవమని దాంట్లో రాసి ఉంది. ఇక్కడ నీళ్ళు అడుగంటాక కూడా మోటారు వట్టిగా తిరుగుతూనే ఉంది.

"పిడుగుకు నా పెట్టె కాలిపోయిందమ్మా," అన్నాడాయన తల వంచుకుని. "చెప్తే నువ్వొచ్చి చూసేదాకా నీళ్ళు ఆపుతావని భయపడినా. మా బామ్మర్దిది తెచ్చి నా సిమ్ము దాంట్లో ఏసినా. తప్పు నాదే."

"నాది గూడా పెద్నాయనా. అది వేరే పెట్టె అని నా కంప్యూటరు చెప్పింది. నేనే దాని నోరు మూయించినా."

చెప్పేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఆ వాక్యాన్ని తిరుగు బస్సులోనే తీసేశాను.

మోటారు బాగుచేయించి మళ్ళీ బోరులోకి దించేసరికి ఎనిమిది రోజులు పట్టింది. అప్పటికి చెట్ల కింద పచ్చికాయలు రాలి పరుచుకుని ఉన్నాయి. కొత్త పెట్టె నేనే తీసుకెళ్ళి బిగించాను. ల్యాప్‌టాప్ తెరిస్తే స్క్రిప్టు మళ్ళీ ఆగింది. ఈ పెట్టె గుర్తు తనకు తెలియదంది. పెట్టెకు అతికించిన కాగితం మీద దాని గుర్తుగా రాసిన అక్షరాలనూ తెర మీది అక్షరాలనూ ఒక్కొక్కటిగా సరిచూడటం మొదలుపెట్టాను. మధ్యలో వరస తప్పి మళ్ళీ మొదటినుంచి చూశాను. ఆయన వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"తొందరేం లేదమ్మా," అన్నాడు. "నిమ్మళంగా చూసుకో."