దస్తీ వేసిన సీట్లు

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన నోవహుకు దేవుడి మీద ఎంత నమ్మకమో, సీటు మీద వేసిన దస్తీ మీదా అంతే నమ్మకం. సిటీ బస్సులోనే కాదు, చర్చి బెంచీ మీదైనా, పెళ్లి భోజనాల కుర్చీ మీదైనా ముందు జేబులోని దస్తీ పడుతుంది, తర్వాత ఆయన వస్తాడు. మొన్న కుటుంబమంతా కాకినాడ వెళ్లి, సముద్రంలో దీవి చూడ్డానికి లాంచీ ఎక్కారు. ఎక్కేముందు, అది రేవుకు ఇంకా ఆనకముందే ఆయన దస్తీలు, గొడుగు, టిఫిన్ డబ్బా లోపలికి విసిరి ఒక వరుసంతా పట్టేశాడు. దీవి వచ్చింది. అందరూ దిగారు, ఆయన కదల్లేదు. "జెర దిగరాదయ్యా, గింత దూరం దీనికోసమే గదా వచ్చినం," అంది భార్య సలోమి. "నేను దిగితే వాపసు పోయేటప్పుడు సీట్లెవరు ఆపుతరు? మీరు చూసి రాండి."

సాయంత్రం సలోమి తడిసిన చీర కుచ్చిళ్లతో, చెప్పులు చేత పట్టుకుని, మనవరాలితో పకపకా నవ్వుతూ లాంచీ ఎక్కింది. ఆ వరుస వైపు చూడనైనా చూడలేదు. కాకినాడ వచ్చేదాకా అలలు చూస్తూ ఇంటివాళ్లంతా రెయిలింగు దగ్గరే నిలబడ్డారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ వచ్చి కూర్చోవచ్చా అని అడిగింది. ఖాళీ వరుస మధ్యలో ఒక్కడే కూర్చున్న నోవహు, పక్క సీటు మీది దస్తీ సర్దుతూ అన్నాడు: "మనుషులున్నరమ్మా."