పార పాస్కో పెంచిన పాము

హాకర్ ఊరి చుట్టుపక్కల పార పాస్కో అంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరు లయల్ పాస్కో. మట్టిరోడ్లు చదునుచేసే గ్రేడర్ బండిని ముప్పై ఐదేళ్లు నడిపాడు. బండికి ఎప్పుడూ ఒక పార కట్టి ఉండేది. దారిలో పాము కనబడితే దిగి రెండు ముక్కలు చేసిగాని మళ్లీ ఎక్కేవాడు కాదు. విషం ఉన్నదా లేనిదా అని ఎవరైనా అడిగితే, "ముందు చంపుదాం, మంచిదో చెడ్డదో తర్వాత తీరిగ్గా చూద్దాం" అనేవాడు. ఆ తీరిక మాత్రం ఆయనకు ఏనాడూ దొరకలేదు.

ఆ పారే ఆయనకు కూతుర్ని దూరం చేసింది. భార్య వెళ్లిపోయాక కెరెన్‌ను ఒక్కడే పెంచాడు. పద్నాలుగేళ్లప్పుడు ఆ పిల్ల షెడ్డులో గుట్టుగా ఒక కొండచిలువ పిల్లను సాకింది. ఎంత పెరిగినా మూడడుగులు దాటని జాతి, విషం లేదు. ఒకరోజు అది తండ్రి కంటబడింది. బడి నుంచి వచ్చిన కూతురికి ముక్కలు చూపించి, "నీ ప్రాణం కాపాడాను" అన్నాడు గర్వంగా. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు ఉప్పందుకో, రొట్టందుకో అన్నంత వరకే మిగిలాయి. పెద్దయ్యాక కెరెన్ అడిలైడ్ వెళ్లి, అక్కడ మత్తుమందుకు చిక్కింది. అందుకు ఆ పామే కారణమని ఊళ్లో ఎవరూ అనరు. లయల్ మాత్రం అంటాడు.

ముప్పై ఒకటో ఏట, నవంబరులో, ఎముకల గూడులా తిరిగొచ్చింది. చేతిలో మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బా.

"మత్తు మాన్పించే ఆశ్రమంలో చేరుతున్నా. ఆరు నెలలు," అంది గుమ్మంలోనే నిలబడి.

"మరి ఆ డబ్బాలో ఏంటి?"

"నీ పాత చుట్టం."

లయల్ రెండడుగులు వెనక్కి వేశాడు. మూతకున్న కన్నాల్లోంచి పెన్సిలంత సన్నని గోధుమరంగు కొండచిలువ పిల్ల కనిపించింది, ఒంటినిండా మచ్చలతో.

"దీన్ని బతికించి ఉంచితే ఇంటికొస్తా నాన్నా. లేదంటే ఎక్కడికి పోవాలో నాకు తెలుసు. ఆ ఇంటివాళ్లు నన్ను వద్దనరు."

ఎక్కడికో ఆయనకూ తెలుసు. ఇంకోసారి ఆ మత్తుమందు కొంపకు పోతే పిల్ల దక్కదనీ తెలుసు. డబ్బా అందుకున్నాడు.

ఫ్రిజ్ మీద ఆమె ఒక కాగితం అంటించి వెళ్లింది. డబ్బాకు ఒక పక్క కింద వేడిపలక, ముప్పై రెండు డిగ్రీలు దాటకూడదు. రెండో పక్క చల్లగా ఉండాలి, ఎటు కావాలంటే అటు అదే వెళ్తుంది. వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి బోర్లించిన పూలకుండీ పెంకులు ఉండాలి, నక్కే చోటు లేకపోతే బెంగతోనే తిండి మానేస్తుంది. నీళ్లు రోజూ మార్చు. వారానికొక ఎలకపిల్ల. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకు, కక్కేస్తుంది. కళ్లు పాలరంగుకు తిరిగితే కుబుసం విడుస్తోందని, అప్పుడూ ముట్టుకోకు. మూతకు రెండు వైపులా క్లిప్పులు వెయ్యి. చివర్న గీత గీసి రాసింది: కరిస్తే చెయ్యి లాక్కోకు, దాని పళ్లు విరుగుతాయి. విషం లేదు, నీకేం కాదు.

దాణా కొట్టు నడిపే వెర్నా ట్రెగెంజా దగ్గర గడ్డకట్టించిన ఎలకపిల్లలు అడిగేసరికి ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ చూసింది.

"నువ్వేనా లయల్? పిల్లికి ఎలకల కాపలా పెట్టినట్టుందే!"

"ఎగతాళి ఆపి ఇస్తావా, ఇయ్యవా?"

"ఇస్తానయ్యా. గోరువెచ్చని నీళ్లలో వేసి మెత్తబడ్డాక పటకారుతో అందించు. వేళ్లతో ఇచ్చావంటే నీ వేలే ఎలకనుకుంటుంది. ఇంకా, డబ్బాలో చెయ్యి పెట్టేప్పుడు వెల్డింగు గ్లవుజులు వేసుకుంటావేమో, వద్దు. అవి తొడుక్కుంటే చేతికి పామూ తెలీదు, తాడూ తెలీదు. పైనుంచి పట్టుకోకు, గద్దనుకుని హడలిపోద్ది. కిందనుంచి చెయ్యి జొనుపు, మధ్యలో ఎత్తు, ఊరుకో. అది నిన్ను చూసుకుంటది."

మొదటి రెండు వారాలు అది తినలేదు. బతికుందో లేదోనని లయల్ గంటకోసారి పెంకు ఎత్తి చూసేవాడు. వెర్నా విని తిట్టిపోసింది. "నువ్వు అన్నం తింటుంటే నీ ఇంటి కప్పు ఎవడో ఎత్తి చూస్తుంటే ముద్ద దిగుద్దా నీకు?" ఆ మాటతో చూడడం మానేశాడు. మూడోవారం ఎలకపిల్ల మాయమైంది. లయల్ ఖాళీ పటకారు పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాడు.

జనవరికల్లా సాయంత్రాలు అది ఆయన వేళ్ల మధ్య జారుతూ పావుగంట గడిపేది. తన చేతి వెచ్చదనానికి ఒక పాము తల ఆనించి పడుకోవడం ఆయనకు నచ్చింది. సిగ్గుపడ్డాడు గానీ, నచ్చింది. ఆదివారం నాలుగింటికి కెరెన్ ఫోను చేస్తే అరగంటసేపు దాని కబుర్లే. పదిహేడేళ్లలో కూతురితో అంతసేపు మాట్లాడింది లేదు.

మార్చిలో ఒక గురువారం నీళ్లు మారుస్తుంటే గుమ్మం దగ్గర ఎవరో పిలిచారు. వెళ్తూ మూతకు ఒక క్లిప్పే వేశాడు. తిరిగొచ్చేసరికి రెండో వైపు మూత కాస్త లేచి ఉంది, డబ్బా ఖాళీ.

మూడు రోజులు వెతికాడు. ఫ్రిజ్ లాగాడు, సోఫా చీల్చాడు, గోడ అడుగు చెక్కలు ఊడదీశాడు. సరిగ్గా తిన్నది లేదు, పడుకున్నది లేదు. ఆదివారం నాలుగింటికి కూతురి ఫోను వస్తుంది. అబద్ధం చెబితే గొంతులోనే పట్టేస్తుంది ఆ పిల్ల.

ఆ ఆదివారం మూడున్నరకు, బట్టలుతికే గదిలో, తొట్టి వెనక చీకట్లో కనిపించింది. పెన్సిలంత సన్నం, గోధుమరంగు, ఒంటిమీద ముదురు మచ్చల్లాంటి పట్టీలు. లయల్ మోకాళ్ల మీద వంగాడు. "దొరికావా తల్లీ," అన్నాడు. వేల పాముల్ని చంపాడు, ఒక్కదాన్నీ నిదానంగా చూసి ఎరగడు. కిందనుంచి చెయ్యి జొనిపి, మధ్యలో ఎత్తాడు.

బొటనవేలి మొదట్లో కరిచింది. ఇంకోసారి కరిచింది. ఆయన చెయ్యి లాక్కోలేదు. "ఆకలా? అలిగావా?" అంటూ డబ్బా దాకా మోసుకెళ్లి దింపి, మూతపెట్టి రెండు క్లిప్పులూ వేశాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి టీ పెట్టుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది.

"ఎలా ఉంది నా పిల్ల?"

"ఇవాళ కరిచింది నన్ను. చెయ్యి కదపలేదు, తెలుసా! నువ్వు రాసినట్టే ఉగ్గబట్టుకున్నా."

కెరెన్ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో ఆయనకు లెక్క తెలియలేదు. "పార పాస్కో మారిపోయాడే! బాగా గీరుకుపోయిందా? సన్నపళ్లు కదా, వరసగా గీతలు పడుంటాయి. మందు రాయి."

"గీతలేం లేవు. రెండు చోట్ల చిన్న చుక్కలంతే. నొప్పే లేదు. తలే కాస్త తిరుగుతోంది, తిండి లేక."



"నాన్నా. దాని తల మీద నల్లమచ్చ ఉందా?"

"ఉందిగా. మెడ మీద కూడా."

"నా దానికి లేదు నాన్నా." గొంతు సన్నబడింది. "అది బ్రౌన్ పాము పిల్ల, ప్రాణం తీసే విషం. పిల్లప్పుడు వాటికి అలా ఉంటుంది. నాన్నా, కూర్చో. ఎక్కడున్నావో అక్కడే కూర్చో. మోచెయ్యి దాకా గుడ్డ బిగించి చుట్టు, కదలకు."

లయల్ నేల మీద కూర్చున్నాడు. కూతురు అటు తిరిగి ఎవరినో అంబులెన్స్ పిలవమని అరుస్తోంది. పళ్లు తోముతుంటే చిగురు గీసుకున్నట్టు నోట్లో రక్తం రుచి తగిలింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"గురువారం తప్పించుకుంది తల్లీ. ఒక క్లిప్పు మర్చిపోయా. నీ పాముని పోగొట్టా. నువ్వు అక్కడికి పోవద్దు. ఇంకోటి తెచ్చి పెంచుతా..."

"పోతే పోయిందిలే నాన్నా! పాము కోసం ఎవరేడుస్తున్నారు ఇక్కడ? నేను ఇంటికే వస్తా. వింటున్నావా? ఇంటికే వస్తా."

విన్నాడో లేదో తెలియదు. మా వైపు దూరాలు తెలిసిందే, అంబులెన్స్‌కు యాభై నిమిషాలు పట్టింది. వచ్చినవాళ్లు తలుపు తోసేసరికి ఆయన గోడకు ఆనుకుని, చేతికి సగం చుట్టిన, గిన్నెలు తుడిచే తువ్వాలుతో, చల్లబడి ఉన్నాడు. ఒళ్లో ఫోను ఇంకా పనిచేస్తోంది. కెరెన్ బొంగురుపోయిన గొంతుతో చెబుతూనే ఉంది, "వచ్చేస్తున్నారు నాన్నా, కదలకు. అస్సలు కదలకు."