కోరలాయన నోరు విప్పని వారం

హాల్లో టీవీకి ఎదురుగా పెద్ద సోఫా ఉంది. దాని పక్కన మెత్తటి కుర్చీ ఒకటి ఉంది. రెండింట్లో ఏదీ ఆపరేటరక్కది కాదు. ఆమె కుర్చీ వంటగది గుమ్మం పక్కన, ఫ్రిజ్‌కి వీపు ఆనించి ఉంటుంది. అక్కడ కూర్చుంటే టీవీ కనిపించదు. కొత్త సోఫా ఇంటికొచ్చిన రోజున సామాన్లు సర్దుతూ తమ్ముడు, "నీకెక్కడైనా ఒకటే కదక్కా" అన్నాడు. కుళ్ళుతో అన్న మాట కాదు. ఆమె పుట్టుకతోనే చూపు లేని మనిషి, కాబట్టి అతని లెక్క అతనికి సరిగ్గానే తోచింది.

కానీ ఒకటి కాదు. టీవీ మాట అక్కడిదాకా వచ్చేలోపు వెనక ఫ్రిజ్ మూలుగుతుంది, పక్కన మిక్సీ అరుస్తుంది, వచ్చేపోయేవాళ్ళ మోచేతులు భుజానికి తగులుతాయి. సీరియల్లో ఒకామె "నేనెవరో తెలుసా, నేను నీ..." అంటుండగా లోపల ఎవరో కుళాయి విప్పుతారు.

"నీ ఏమిటటరా?" అని అడిగితే, "ష్... తర్వాత చెప్తానక్కా" అంటాడు తమ్ముడు.

ఆ తర్వాత అనేది ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అది ఆమెదీ తమ్ముడిదీ ఇద్దరి జీతాలతో నడిచే ఇల్లు. ఆ సంగతి కుర్చీలు సర్దేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు, ఆమె గుర్తు చెయ్యలేదు. ఏళ్ళ తరబడి ఫ్రిజ్‌కి ఆనుకునే కూర్చుంది.

ఆమె పని పెద్దాసుపత్రిలో. మెట్ల కింద ఒక ఇరుకు గది, అందులో ఒక బల్ల, దాని మీద ఫోన్ల బోర్డు. బయటినుంచి వచ్చే ప్రతి ఫోనూ ముందు ఆమె దగ్గరికే వస్తుంది. కంగారులో వార్డు పేరు మర్చిపోయినవాళ్ళనీ, ఏడుపులో మాట పెగలనివాళ్ళనీ సముదాయించి, సంగతి రాబట్టి, చేరవలసిన చోటికి కలుపుతుంది. ఆ ఆసుపత్రిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఆపరేటరక్కే. కళ్ళు లేనివాళ్ళకి చెవులు మహా చురుకట కదా అని ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. "మామూలు చెవులేనండీ, జలుబు చేస్తే నాకూ వినపడదు" అంటుంది.

ఆమెకి ఇష్టమైనది మధ్యాహ్నం భోజనాల బల్ల. ఆ బల్ల దగ్గర వారానికో రోజు రక్తపిశాచి సీరియల్ మీద చర్చ. సీరియల్ శనివారం రాత్రి వస్తుంది, చర్చ సోమవారం. కథానాయకుడికి వీళ్ళు పెట్టుకున్న పేరు కోరలాయన. పెళ్ళయిన కొత్తలోనే ఒక పిశాచి కాటుపడి తనూ పిశాచి అయిపోయాడు. అప్పటినుంచీ వయసు పెరగదు, చావు రాదు, ఎండ తగిలితే బూడిదైపోతాడు, అద్దంలో కనిపించడు, ఇంట్లోవాళ్ళు లోపలికి రమ్మంటే తప్ప ఏ గడపా దాటలేడు.

అద్దం ముందు కోరలాయన కన్నీళ్ళు పెట్టుకున్న వారం బల్ల మీద అందరూ అయ్యో పాపం అంటుంటే ఆపరేటరక్క, "ఆ మాత్రానికే అంత ఏడుపా? నన్ను నేను అద్దంలో ఎప్పుడు చూసుకున్నాను గనక! తిని తిరగడం లేదూ?" అంది. లిఫ్ట్ నడిపే బాబాయికి నవ్వి నవ్వి పొలమారింది. ఎవరు మోసం చేస్తారో, ఎవరు కాటుపడతారో ముందే పసిగట్టేది ఆమే. రక్తపరీక్షల గదిలో పనిచేసే ల్యాబ్ అమ్మాయి ఆమెతో పందెం కాసి ఎన్నిసార్లు ఓడిపోయిందో. రోజంతా అందరూ ఆమెతో ఒకరకం మెత్తటి గొంతుతో మాట్లాడతారు, గాజుసామాను పట్టుకున్నట్టు. ఆ బల్ల దగ్గర మాత్రం "పోక్కా, నీకేం తెలీదు" అని అరుస్తారు. ఆ అరుపు కోసమే ఆమె వారమంతా ఎదురుచూసేది.

అప్పుడొచ్చింది ఆ భాగం.

అలాంటి భాగం టీవీ చరిత్రలోనే రాలేదని అందరూ అన్నారు. ఆసుపత్రి వరండాల్లో, బస్సుల్లో, కూరల కొట్టు దగ్గర అదే మాట. కోరలాయన తన కూతురు ఇంటికి వెళతాడు. తనేమో ఇంకా పాతికేళ్ళ కుర్రాడు, కూతురేమో తల నెరిసిన ముసలావిడ. తండ్రిని ఆవిడ పుట్టాక చూసింది లేదు. ఆ భాగం మొత్తంలో ఒక్క మాట లేదు. చూపులు, చేతులు, వెలుగునీడలు, అంతే. "మాటే అక్కర్లేదు, గుండె పిండేశాడు" అన్నారు జనం.

ఫ్రిజ్ పక్కన కుర్చీలో ఆపరేటరక్కకి వినిపించింది ఇది: వాన. అడుగులు. తలుపు కిర్రుమనడం. చాలాసేపు వయొలిన్. ఎవరిదో ఊపిరి. మళ్ళీ వయొలిన్. అవతల సోఫాలో తమ్ముడి పక్కన మరదలు ముక్కు చీదుతోంది.

"ఏమైంది? లోపలికొచ్చాడా?"

"ష్... వదినా, ప్లీజ్."

"ఆవిడ గుర్తుపట్టిందా?"

"అక్కా, తర్వాత చెప్తానన్నానుగా!" అన్నాడు తమ్ముడు.

చివర్లో సోఫా మీంచి ఇద్దరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. పాట వచ్చింది. అయిపోయింది.

"ఇప్పుడు చెప్పరా."

"ఏముందక్కా, వెళ్ళాడు, కొరికాడు, అంతే."

"కొరకలేదండీ, మీరు సరిగ్గా చూళ్ళేదు. నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు" అంది మరదలు.

"కోరలు బయటికొచ్చాయి, నా కళ్ళతో చూశాను."

"నా కళ్ళు మాత్రం ఊరికెళ్ళాయా?"

ఇద్దరూ దాని మీద పోట్లాడుకుంటూ పడకగదిలోకి వెళ్ళిపోయారు. చెబుతామన్న సంగతి మర్చిపోయారు.

సోమవారం బల్ల అట్టుడికిపోయింది. ముసలావిడే కిటికీ తెర లాగేసిందనీ, ఎండ పడి కోరలాయన బూడిదైపోయాడనీ లిఫ్ట్ బాబాయి బల్ల గుద్ది చెప్పాడు. ల్యాబ్ అమ్మాయి ఒప్పుకోలేదు, కొరికి తనతో తీసుకుపోయాడంది.

"బూడిదైపోతే వచ్చే వారం సీరియల్ ఎవరితో నడుపుతారు బాబాయ్?" అంది ఆపరేటరక్క. ఎప్పటిలా గట్టిగానే అంది.

"నువ్వు చూళ్ళేదు కదక్కా, ఊరుకో" అంది ల్యాబ్ అమ్మాయి. వాదన వేడిలో అనేసి, వెంటనే నాలిక్కరుచుకుని, "అంటే... అది చూడాల్సిన భాగం కదా, అందుకని..." అంది, ఆ గాజుసామాను గొంతుతో.

ఆపరేటరక్క గిన్నె మూత పెట్టేసింది. తర్వాత వాదన మళ్ళీ మొదలైంది, ఆమె లేకుండా. వారమంతా అదే కథ. ఆమె అడిగితే ఎవరి ముగింపు వాళ్ళు చెప్పడం, "అయినా అది చెబితే అర్థమయ్యేది కాదులే" అనడం.

శుక్రవారం టీ వేళ ఆమె చానల్ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎత్తినవాళ్ళు కార్యక్రమాల విభాగానికి కలిపారు, వాళ్ళు సాంకేతిక విభాగానికి, వాళ్ళు ప్రేక్షకుల సేవకి. ప్రేక్షకుల సేవవాళ్ళు ఒక్క నిమిషం అని మ్యూజిక్ పెట్టారు. రోజూ తను జనానికి పెట్టే మ్యూజిక్కే అది, ఆ ట్యూనే. చివరికి ఒక మర్యాదస్తుడు దొరికాడు.

"ఆ భాగం అంత గొప్పగా రావడానికి కారణమే మాటల్లేకపోవడం కదమ్మా. మాటలు పెడితే అందం పోదూ?"

"అందరికీ పెట్టమనడం లేదండీ. ఏం జరుగుతోందో చెప్పే గొంతు ఒకటి వేరే ట్రాక్‌లో పెట్టండి. కావలసినవాళ్ళు బటన్ నొక్కి వింటారు, అక్కర్లేనివాళ్ళకి వినపడనే వినపడదు."

"మంచి సలహానే. కానీ... ఇంట్లో చెప్పేవాళ్ళు ఎవరూ లేరామ్మా?"

"ఉన్నారు. అందుకే మీకు ఫోన్ చేశాను."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"చూడండమ్మా, మేం చెయ్యకూడదని కాదు. అడిగేవాళ్ళుండాలిగా. మీరొక్కరే అడుగుతున్నారు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. చెప్పులు విడిచి, ఫ్రిజ్ దగ్గరికి పోకుండా, చేత్తో తడుముకుంటూ సోఫా దగ్గరికెళ్ళి నడిమధ్యన కూర్చుంది. తమ్ముడు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, అక్కడ నేను..."

"నాకెక్కడైనా ఒకటేగా? ఇక్కడ కూర్చుంటే ఏం? నువ్వెళ్ళి ఆ ఫ్రిజ్ పక్కన కూర్చో."

ఆమె గొంతు ఆ ఇంట్లో అంత పెద్దగా ఎన్నడూ లేవలేదు. తమ్ముడు నిజంగానే వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి, "అబ్బ, ఇక్కడ ఏమీ వినపడదేమిటి!" అన్నాడు.

శనివారం వచ్చిన కొత్త భాగం వేరే కథలోకి పోయింది, ఆ ఇంట్లో ఏమైందో తేల్చలేదు. ఆదివారం మరదలే ముందుకొచ్చింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషన్ మీద గుడ్డ కప్పి, ఫోనులో ఆ భాగం పెట్టి, వదిన పక్కన సోఫాలో కూర్చుంది. "ఆపుకుంటూ ఆపుకుంటూ చెప్తాను వదినా. ఇవాళ ఎంతసేపైనా సరే" అంది.

"తలుపు తీసింది. ముసలావిడ. నీలం గౌను, చేతులకి లేసు, అబ్బ ఎంత సన్నటి పనో! కాలరు అతుకే సరిగ్గా పడలేదు."

"కాలరు సరే, వాడేం చేస్తున్నాడు?"

"అయ్యో, ముందుకెళ్ళిపోయింది. ఆగు, వెనక్కి తిప్పుతా... వాడు గడప బయటే ఉన్నాడు. ఈవిడ చూస్తోంది."

"ఎలా చూస్తోంది?"

మరదలు అక్కడే ఆపి ఆ మొహాన్ని మళ్ళీ చూసింది. "చెప్పడం రావట్లేదు వదినా. కోపంగా అందామంటే కోపం కాదు. మన ఇంటి తాళం పనిచెయ్యనప్పుడు దాన్ని చూస్తాం చూడు, అలా."

"అదీ! అలా చెప్పు."

కూతురు నోటితో రమ్మనలేదు. తలుపు మీంచి చెయ్యి తీసి, కాస్త పక్కకి జరిగింది. అంతే, అతను గడప దాటాడు. జరిగితే పిలిచినట్టేనా అని ఆపరేటరక్క అడిగింది. మరదలికి ఆ అనుమానమే రాలేదు. అక్కడ ఆపి ఇద్దరూ టీ తాగుతూ కొట్లాడుకున్నారు. తమ్ముడు ఫ్రిజ్ దగ్గర్నుంచి, "పిలిచినట్టే, గడప దాటాడుగా!" అన్నాడు. "నిన్నెవరడిగారు?" అన్నారిద్దరూ.

చివరి దృశ్యం వచ్చింది. బయట తెల్లవారిపోయింది, తెరలు వేసిన ఇంట్లో తండ్రీ కూతురూ ఎదురెదురుగా.

"వంగాడు. ఆవిడ మెడ దగ్గరికో, నుదుటి దగ్గరికో... ఆవిడ చెయ్యి కిటికీ తెర మీద ఉంది. వాడి నోరు తెరుచుకుంటోంది. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

మరదలు వెనక్కి తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఏమీ లేదు వదినా. నల్లగా అయిపోయింది."

"మరి ముద్దు?"

"కనపడలేదు. నేనే అనుకున్నట్టున్నాను."

తమ్ముడు లేచొచ్చి ఫోను లాక్కుని చూశాడు. కోరలు అతనికీ దొరకలేదు.

ఆపరేటరక్కకి నవ్వు రావాలి. రాలేదు. "ఇదేనా? దీని కోసమేనా వారమంతా నన్ను నోరు మూసుకోమన్నారు? ఎవరికీ కనపడనిదాని మీద మీరందరూ మాట్లాడచ్చు, నేను మాత్రం మాట్లాడకూడదూ?" అంది. మరదలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకుంది.

సోమవారం ఆమె సిద్ధమై వెళ్ళింది. ఎండని ఆపే తెర మీద కూతురి చెయ్యి ఉంది కాబట్టి, అది తెలిసీ వాడు వంగాడు కాబట్టి, నిర్ణయం కూతురిది, తండ్రిది కాదు. ఇదీ ఆమె వాదన. ఆ బల్ల దగ్గర ఎవరికీ తట్టని వాదన. గిన్నె మూత తీస్తూ మొదలుపెట్టింది.

"ఓ, అదా? అది పాతబడిపోయిందక్కా. మొన్న శనివారం వచ్చింది చూడు, అబ్బా..." అంది ల్యాబ్ అమ్మాయి. బల్ల అంతా అటు తిరిగిపోయింది.

ఆమె మరదలు మంచిది. కానీ ఒక మనిషి తనకిష్టమైన సీరియల్ గురించి సమయానికి మాట్లాడాలంటే మరదలు మంచిదై ఉండాలా? ఆవిడ మిషన్ కట్టేసి ఒక పూటంతా కూర్చోవాలా? ఇంట్లో మరదలే లేనివాళ్ళ సంగతేమిటి? దృశ్యాన్ని మాటల్లో చెప్పే ట్రాక్ వింత కాదు, అసాధ్యమూ కాదు. పొయ్యి దగ్గర టీవీకి వీపు తిప్పి నిలబడేవాళ్ళకీ, చూపు మసకబారిన పెద్దవాళ్ళకీ పనికొచ్చేదే. అడిగేవాళ్ళు లేరన్నది ఒక్కటే వాళ్ళ సాకు.

అందుకని ఇది చదివినవాళ్ళకి ఒక విన్నపం. ఇవాళ మీ టీవీలోనో ఫోనులోనో మీరు చూసే సీరియల్ సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్ళి అలాంటి ట్రాక్ ఉందేమో వెతకండి. లేకపోతే ఆ చానల్‌కి ఫోన్ చెయ్యండి. ఒకరినుంచి ఇంకొకరికి కలుపుతారు, మ్యూజిక్ పెడతారు, ఫోను పెట్టెయ్యకండి. ఎవరి కోసం అని అడిగితే నా కోసమే అనండి. మీ పక్కన కూర్చున్న మనిషి ఏమైందని అడిగితే అప్పుడే, అక్కడే చెప్పండి.

ఆపరేటరక్క ఈ శుక్రవారం టీ వేళ మళ్ళీ ఆ నంబరు తిప్పుతుంది. మీరొక్కరే అనే మాట ఆ మర్యాదస్తుడి నోట ఈసారి రాకూడదు. దయచేసి ఆమె కంటే ముందు మీరు తిప్పండి.