వరికీ చేపకూ ఉమ్మడిగా దొరికిన నా జన్యువు

చేతికందిన పీహెచ్‌డీ సీటును తీసుకెళ్లి స్నేహితుడి ఒళ్లో పెట్టిన మహాత్ములు ఉంటారేమో తెలియదు. నేను మాత్రం ఆ పనిని ఒట్టి కుళ్లుతో చేశాను. ఎలాగో చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

నా కుళ్లు పేరు జోయెల్. మెదక్ చర్చి వెనక వాళ్లిల్లు, బజార్లో మా బట్టల దుకాణం. బడి నుంచి ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్ దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. మార్కులు మాత్రం వాడికి ఎప్పుడూ నాకంటే కొంచెం ఎక్కువ. చాలా ఎక్కువ వస్తే గౌరవించేవాణ్ణి. ఆ కొంచెమే నన్ను నిద్రపోనివ్వలేదు.

జీవుల జన్యువులను కంప్యూటర్లో చదవడం మా చదువు. ప్రతి ప్రాజెక్టులోనూ పని పంచుకునేవాళ్లం. ల్యాబు నుంచి వచ్చిన డాటాను శుభ్రం చేయడం వాడి వంతు, అందులోంచి అర్థం తీయడం నా వంతు. ఊడ్చేది వాడు, గద్దె మీద కూర్చునేది నేను అని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఇంతలో హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ కంప్యుటేషనల్ బయాలజీలో ఒకే ఒక్క పీహెచ్‌డీ సీటుకు ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఎవరి పరిశోధన వాళ్లు చూపించాలి. ఇంట్లో అమ్మ మొదలుపెట్టింది.

"జోయెల్‌ను జూడుర. సర్ది జేసినా సదువుడు ఆపుతలేడంట."

"నాకు సర్ది రాకపోతే నా తప్పానే?"

ఆ పంతంతో వాడికి తెలియకుండా పని మొదలుపెట్టాను. హవేలిఘనపూర్ పొలాల్లో అగ్గితెగులు సోకిన వరి ఆకులు, సోకని ఆకులు ఏరి ల్యాబుకు పంపాను. డాటా రాగానే నేరుగా అర్థం తీయడానికి కూర్చున్నాను. దొరికింది! అన్ని ఆకుల్లోనూ ఒకే డీఎన్‌ఏ అక్షరాల వరుస. పుస్తకాల్లో ఉన్న ఏ వరి జన్యువుతోనూ కలవడం లేదు. అనుమానం తీరడానికి ఇంటర్నెట్లో ఎవరో పెట్టిన చేప డాటాలో కూడా వెతికాను. చేపలోనూ ఉంది! సృష్టి రహస్యం మెదక్‌లో మా మేడ మీద గదిలో బయటపడిందని నాకు రూఢి అయిపోయింది. దానికి 'మెదక్-1' అని పేరు కూడా పెట్టేశాను.

మర్నాడు బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే జోయెల్ ఎదురయ్యాడు.

"ఏంది ప్రశాంత్, మస్తు ఖుషీగున్నవ్? ఏమన్న దొర్కిందా?"

"ఏం దొర్కుతది? ఏం లేదు."

"నీ డాటా జర నాకియ్యి. ఎప్పటి లెక్క సఫాయి చేసిస్త."

"అవసరం లేదు. నీది నువ్వు జూస్కో."

"అరె, గంత కోపమెందుకుర? గది చెయ్యకుంట మాత్రం ఇంటర్వ్యూకు పోకు."

నా జన్యువును కొట్టేయడానికి ఎంత తియ్యగా మాట్లాడుతున్నాడో చూశారా! చాయ్ సగంలో వదిలేసి, ల్యాప్‌టాప్ బ్యాగును చంటిపిల్లలా గుండెకు హత్తుకుని ఇంటికొచ్చాను.

ఇంటర్వ్యూలో, అక్కడి ల్యాబు నడిపే పెద్ద మేడమ్ నా తెర వైపు చాలాసేపు చూసింది.

"ఈ వరుస తెగులు సోకిన ఆకుల్లో ఉందా?"

"ఉంది మేడమ్."

"సోకని ఆకుల్లో?"

"వాటిలోనూ ఉంది మేడమ్."

"ఇంకెక్కడైనా చూశావా?"

"చేపలో చూశాను మేడమ్. ఉంది!"

"నువ్వు ఇటుకను పంపినా అందులో ఉంటుంది బాబూ. మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"బట్టల దుకాణం మేడమ్."

"చీర మీద మిల్లువాళ్లు అంటించిన చీటీని జరీ అని అమ్ముతారా?"

సంగతేమిటంటే, యంత్రం చదవడానికి వీలుగా ల్యాబువాళ్లే ప్రతి డీఎన్‌ఏ ముక్క చివర ఒక కృత్రిమమైన తోక అతికిస్తారు. దాన్ని అడాప్టర్ అంటారు. డాటా రాగానే ముందు ఆ తోకను కత్తిరించాలి. శుభ్రం చేయడమంటే అదే. ఇన్నేళ్లూ జోయెల్ ఆ తోకలు కోసి ఇస్తుంటే, అసలు తోకలున్నాయన్న సంగతే నేను మరిచిపోయాను.

బయటికి రాగానే వాడు నా మొహం చూశాడు.

"ఎట్లయింది?"

"మస్తయింది. నువ్వు పో."

వాడు వెళ్లాడు. సీటు వాడికే వచ్చింది.

మేడమ్‌కు నా మీద జాలి కలిగిందో, నా ధైర్యం నచ్చిందో, జోయెల్ చేరిన తన ల్యాబులోనే ప్రాజెక్టు అసిస్టెంటుగా పెట్టుకుంది. పనేమిటో మీరీపాటికి ఊహించే ఉంటారు. అందరి డాటాకూ తోకలు కోయడం. నా మెదక్-1 కథ అప్పటికే ల్యాబంతా పాకిపోయింది. జోయెల్‌ది గుండ్రంగా తిరిగే కుర్చీ. నాది తిరగదు. వాడు మాత్రం ఆ కుర్చీతో సహా దొర్లుకుంటూ నా బల్ల దగ్గరికి వస్తాడు.

"నా డాటా వచ్చిందిర. జర సఫాయి చేసియ్యి."

"ఇస్త, ఆడ వెట్టు."

"అండ్ల మెదక్-1 కనవడితే చెప్పు. నా పేపర్ల నీ పేరు గూడ రాస్త."

అందుకే, నా తిరగని కుర్చీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మీద కుళ్లుకున్నా సరే, ముందు తోక కోసి, ఆ తర్వాతే కుళ్లుకుంటాను.