ఉత్త పొయ్యిల ఊరు

కడపలో స్థిరపడ్డాక నాకొక బెడద పట్టుకుంది. ఏ బళ్ళో వార్షికోత్సవం జరిగినా నన్ను పిలుస్తారు. మెడలో దండ వేసి, "వీరు బర్మాలో యుద్ధాన్ని కళ్ళారా చూసిన విలేఖరి, ధైర్యం గురించి మనకు నాలుగు మాటలు చెబుతారు" అని మైకు ముందుకు నెడతారు. ఏం చెప్పమంటారయ్యా? బాంబులు పడుతుంటే గుంటలో బోర్లా పడుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నవాణ్ణి నేను. ఆ మాట చెబితే పిల్లలు నవ్వుతారు, హెడ్మాస్టరు మొహం మాడ్చుకుంటాడు. అందుకని ఏదో ఒకటి చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాను. నిజానికి ధైర్యం అనగానే నాకు గుర్తొచ్చేది బర్మా కాదు. కోడుమూరు దగ్గర మా అక్కను ఇచ్చిన ఊరు.

యాభైల మొదట్లో వచ్చిన కరువు అది. వానలు మొహం చాటేశాయి. నల్లరేగడి చేలు చెయ్యి దూరేంత నెర్రెలిచ్చాయి. బావుల్లో బురద కూడా ఎండిపోయింది. ప్రభుత్వం ఊళ్ళల్లో గంజి కేంద్రాలు పెట్టింది. నేను పనిచేసే మద్రాసు పత్రిక వాళ్ళు, యుద్ధం గురించి రాసినవాడివి కరువు గురించి రాయలేవా అంటూ నన్ను కర్నూలుకు తోలారు. అక్కడ ఒక అధికారి తన జీపులో చోటిచ్చాడు. ఏ ఊళ్ళో గంజి కేంద్రం ఉంచాలి, ఏ ఊళ్ళో ఎత్తేయాలి అని తేల్చడం ఆయన పని. చెడ్డవాడేమీ కాదు. ఉన్న గింజలు తక్కువ, ఆకలి ఊళ్ళు ఎక్కువ. ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు.

తిరిగి తిరిగి సాయంత్రానికి మా అక్క ఊరి పొలిమేరకు చేరాం. జీపు ఆపించి ఆయన ఊరివైపు చెయ్యి చూపాడు. వరసగా మట్టి మిద్దెలు. ప్రతి మిద్దె మీదా గవాచి నుంచి, అంటే పొగ పోవడానికి పైకప్పులో వదిలిన కంత నుంచి, సన్నగా పొగ లేస్తోంది.

"చూశారా, ఇంటింటా పొయ్యి వెలుగుతోంది. గంజికి వచ్చేది కొద్దిమంది కూలివాళ్ళు. వాళ్ళ కోసం ఇక్కడ కేంద్రం దండగ. పక్క ఊరికి పోయి తాగుతారు. రేపు పొద్దున వచ్చి ఎత్తేయమని చెబుతాను" అన్నాడు.

పక్క ఊరంటే రెండు కోసులు, నాలుగైదు మైళ్ళ దూరం. ఆ ఎండలో ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు గంజి కోసం అంత దూరం పోయి రావాలి. కాదందామంటే పొగ నా కళ్ళకూ కనిపిస్తోంది మరి. ఆయన కోడుమూరు బంగళాకు వెళ్ళిపోయాడు, నేను అక్క ఇంటికి నడిచాను.

వీధిలో సగం దూరం పోయాక ఏదో తేడా కొట్టింది. పొగ ఉంది గానీ వాసన లేదు. సంగటి ఉడికే వాసన లేదు, రొట్టె కాలే వాసన లేదు, తిరగమోత ఘాటు లేదు. ఎండిన పత్తికట్టె కాలుతున్న వాసన ఒక్కటే. బర్మాలో ఒకసారి మన సైన్యం రాత్రికి రాత్రే వెనక్కి తగ్గింది. ఆ సంగతి శత్రువుకు తెలియకూడదని ఖాళీ డేరాల ముందు మంటలు వేసి వచ్చారు. దూరం నుంచి చూస్తే దండు అక్కడే వంట చేసుకుంటున్నట్టుంది. ఆ మంటల పొగకూ ఇలాగే అన్నం వాసన లేదు.

అక్క గడపలో ఎదురొచ్చింది. మనిషి సగమైంది.

"ఏం రా, చెప్పా పెట్టకుండా వచ్చినావు? కాళ్ళు కడుక్కో. తిన్యావా?"

"కోడుమూరు హోటల్లో తినే వచ్చినానక్కా" అన్నాను. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ తగల్లేదు నాకు.

"అట్లనా" అని ఆమె హాయిగా ఊపిరి వదిలింది. పుట్టింటి నుంచి తమ్ముడొస్తే బలవంతంగా విస్తరి ముందు కూర్చోబెట్టే మనిషి ఆమె. ఆ ఊపిరితోనే నాకు సంగతంతా అర్థమైంది. నేరుగా వంటింట్లోకి పోయాను. పొయ్యిలో కట్టె మండుతోంది. పొయ్యి మీద కుండ లేదు, పెనం లేదు. ఉత్త పొయ్యి.

"ఇదేందక్కా?"

"అరవొద్దు, మా అత్త వింటాది" అని ఆమె గొంతు తగ్గించింది. మూలన ముసలావిడ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "ఇది కొత్త కాదులే. కరువొచ్చినప్పుడల్లా ఈ ఊర్లో రైతుల ఇండ్లల్లో ఇంతే. మా అత్త ఎలిగించింది, ఇప్పుడు నేను ఎలిగిస్తాండా. పొద్దుగూకితే పొగ రావాల. పొగ రాని ఇంటిని ఊరు ఇంకో కన్నుతో చూస్తాది."

"మరి గంజి తెచ్చుకోవచ్చు గదా!"

"మా చేన్లో కలుపు తీసేటోళ్ళ ఎనక నిలబడాల్నా నేను? మీ బావ తలెత్తుకోని తిరగాల్నా, వద్దా?"

"బావ యాడ?"

"యాపారం మీద కడపకు పోయినాడని ఊర్లో చెప్పినా." పొయ్యిలో కట్టెను లోపలికి తోసింది. "బేతంచెర్ల గనుల్లో బండలు మోస్తాండాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. "మీ పొగలు చూసి, నన్ను జీపులో తెచ్చిన ఆఫీసరు రేపు గంజి ఎత్తేస్తాడంట! మీరు ఎట్లా తాగరు. తాగేటోళ్ళ నోటికాడిది గూడా పోతాది, తెల్సా నీకు?" అని గట్టిగానే అరిచాను.

అక్క ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. "నువ్వు ఈ మాట పేపర్లో ఎక్కించొద్దు. ఆయప్పకూ చెప్పొద్దు. నా మీద ఒట్టు."

యుద్ధంలో సెన్సారు అధికారులు నా వార్తలను అడ్డంగా కోసేస్తే నానా తిట్లూ తిట్టినవాణ్ణి. అక్క ఒక్క ఒట్టుతో నా నోరు కుట్టేసింది. కాదంటే ఆమె సంసారం వీధిన పడుతుంది, అవునంటే కూలివాళ్ళ గంజి పోతుంది. ఏం చేయాలో పాలుపోక, ఒట్టు మాత్రం వేశాను.

పొద్దున్నే చావడి ముందు జీపు ఆగింది. గంజి కాచే చోట కొద్దిమంది వరసలో నిలబడ్డారు. అధికారి వాళ్ళను ఒకసారి కలియజూసి పెదవి విరిచాడు. వంటమనిషితో మాట్లాడబోయాడు. నేను పక్కనే నిలబడి పళ్ళు కొరుక్కుంటున్నాను. నోట మాట రాకుండా చేసింది గదా మహాతల్లి అని లోపల అక్కను తిట్టుకుంటూనే ఉన్నాను.

అప్పుడు వీధి మలుపులో అక్క కనిపించింది. పండగలకు కట్టే చీర కట్టింది. చేతిలో ఇత్తడి గిన్నె. పెళ్ళినాడు మా నాయన సారెలో పెట్టిన గిన్నె అది. రెండువైపులా అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. "యాడికి పోతాండావమ్మా?" అని ఎవరో అడిగారు కూడా. ఆమె తల తిప్పలేదు. వీధి పొడుగునా నడిచి వచ్చి వరసలో చిట్టచివర నిలబడింది.

ఆమె ముందు చంకలో బిడ్డతో ఒక కూలి మనిషి ఉంది, వాళ్ళ చేలో కలుపు తీసే మనిషి. అక్కను చూసి ఆమె కంగారుపడి పక్కకు తొలిగింది. "ముందుకు రామ్మా, నువ్వు నా ఎనక నిలబడేదేంది!"

"నీ తరవాత వచ్చినా, నీ తరవాతే పోయించుకుంటా. నిలబడు" అంది అక్క. గిన్నెను రెండు చేతులా పొట్టకు అదుముకుంది.

అధికారి దగ్గరికొచ్చాడు. "ఏమమ్మా, మీ ఇంట్లో నిన్న పొయ్యి వెలిగింది కదా?"

"ఎలిగింది సామీ. దాని మీద ఏం లేదు. ఈ వీధిలో ఏ పొయ్యి మీదా ఏం లేదు." ఊరంతా వింటుండగా గట్టిగా చెప్పింది. "పొగ మా పరువుకే గానీ కడుపుకు కాదు."

ఆమె ఊరందరి గుట్టూ బయట పెట్టింది. ఎవరైనా దుమ్మెత్తి పోస్తారేమో, ఇంటి మీదికొస్తారేమో అని నాకు భయం వేసింది. బర్మా గుంటలో కూడా నేను అంత భయపడలేదు. కాసేపటికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఒక పెద్దావిడ చెంబు కొంగు చాటున పెట్టుకుని వచ్చి, ఎవరి వంకా చూడకుండా అక్క వెనక నిలబడింది. ఆ తరవాత ఇంకో తలుపు, ఇంకోటి. గంజి అందరికీ చాలలేదు. అధికారి టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆ వరసను చూస్తూ నిలబడ్డాడు. కేంద్రం ఎత్తేయమనలేదు సరికదా, కోడుమూరు నుంచి గింజలు తెప్పిస్తానని వంటమనిషికి చెప్పి జీపెక్కాడు.

అక్క తెచ్చిన గంజిలో సగం అత్తకు తాగించి, మిగతాది సాయంత్రానికి దాచింది. పొద్దు గూకింది. అలవాటుగా పొయ్యి దగ్గరికి పోయి, కట్టె చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. నేను వీధిలోకొచ్చి చూశాను. ఏ మిద్దె మీదా పొగ లేదు. లోపలికి వచ్చేసరికి ఆమె రెండు గ్లాసుల్లో గంజి పోసి, నిండు గ్లాసు నా ముందుకు జరిపింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నిన్న హోటల్లో తిన్యానంటివి, నేను నమ్మినట్టు ఊరకున్యా" అంది. "ఇంగ ఈ ఇంట్లో దొంగమాటలు వద్దు. తాగు."